టీపాయ్‌కి ఎన్ని కాళ్ళు?

కొన్న వస్తువు ఎలా ఉంది, ఐదు స్టార్లలో ఎన్ని ఇస్తారు అని ఇరవై రోజులుగా ఫోన్‌కి మెసేజ్ వస్తూనే ఉంది. ఇస్తాను, కాదనను. కానీ వాళ్ళిచ్చిన ఆ చిన్న గడిలో నా గోడంతా పట్టదు. అందుకే విడిగా రాస్తున్నాను.

వస్తువు పేరు టీపాయ్. రెండడుగుల చతురస్రం, నాలుగు కాళ్ళు, కింద పేపర్లు పెట్టుకోవడానికి ఒక అర. రంగు వాల్‌నట్ అని రాశారు, చూస్తే మాత్రం బెల్లం పాకం రంగు. ధర 3,499 రూపాయలు. వచ్చిన మర్నాటి నుంచి దాని ఒక కాలి కింద శుభలేఖ ఉంది. మా ఆయన ఎక్కడినుంచో తెచ్చి, నాలుగు మడతలు పెట్టి దోపారు. ఐదో మడత పెడితే పక్కనున్న కాళ్ళలో ఒకటి లేస్తోంది. మూడుకి తగ్గిస్తే ఇదే లేస్తోంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది రాజమండ్రిలో పాత ఇల్లు, మా మామగారు కట్టించింది. హాలంతా నాపరాళ్ళు. వాటి మీద మూడు తరాలు నడిచాయి, రుబ్బురోళ్ళు దొర్లాయి, ఇనప మంచాలు ఈడ్చారు. ఎండాకాలం కాలు పెడితే చల్లగా ఉంటుంది కానీ నేల చదునుగా ఉందని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు.

ఆర్డర్ పెట్టింది డాలస్‌లో ఉన్న మా అమ్మాయి. "ఆ స్టూలు మీద ఇంకా ఎన్నాళ్ళమ్మా పేపర్లు పెట్టుకుంటారు, ఒక టీపాయ్ పంపిస్తా" అంది. అది టీపాయ్ అని కొడితే యాప్ కాఫీ టేబుళ్ళు చూపించిందట. ఇంకొంచెం కిందికి వెళ్తే సెంటర్ టేబుళ్ళు. అన్నీ ఒకటే వస్తువులు, పేర్లే వేరు. అట్టపెట్టె వచ్చింది. పలక ఒకటి, అర ఒకటి, కాళ్ళు నాలుగు, మరలున్న పొట్లం, వాటిని బిగించడానికి వంకర తాళంచెవి లాంటిది ఒకటి. మా ఆయన యాభై నిమిషాల్లో బిగించారు. చివర ఒక మర మిగిలింది. అది ఎక్కడిదో ఈ రోజుకీ తేలలేదు.

మంచి చెప్పాలి కదా. చూడ్డానికి బాగుంది. అంచులు గుండ్రంగా చేశారు, మోకాలికి తగిలినా గీరుకోదు. నేనొక్కదాన్నే ఎత్తి పక్కన పెట్టగలను. పెట్టెతో పాటు ఒక కాగితం ఇచ్చారు, అందులో జాగ్రత్తలు: వేడి వస్తువులు నేరుగా పెట్టరాదు, తడి తగలనీయరాదు, పొడి గుడ్డతో మాత్రమే తుడవాలి. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "అంటే టీపాయ్ మీద టీ పెట్టకూడదన్నమాట" అన్నారు.

పెట్టాం. ఎవరం పెట్టకుండా ఉండగలం? మూడో వారంలో ఒక అంచు దగ్గర టీ ఒలికింది. తుడిచేలోపు పట్టీ సందులోకి దిగింది. మర్నాటికి అక్కడ చెక్క అటుకు నానినట్టు ఉబ్బింది. ఇది ఇంజనీర్డ్ వుడ్, అందులోనూ చెక్కపొట్టు, జిగురు కలిపి వేడి మీద నొక్కి చేసిన రకం పలక. పైన అంటించిన పొర ఎంత గట్టిదైనా అంచులో సందు దొరికితే లోపలి పొట్టు నీళ్ళు పీల్చేస్తుంది. పీల్చాక మళ్ళీ దిగదు. ఇప్పుడు అక్కడ వేలు పెట్టి రాస్తే చిన్న గూని తగులుతుంది.

ఇక ఊగడం సంగతి. గ్లాసు పెడితే టక్, తీస్తే టక్. పేపరు తిరగేస్తే టక్. నాకు నిద్రలో కూడా వినపడేది. కస్టమర్ కేర్‌కి చాటింగ్‌లో రాశాను. అటునుంచి ఒకబ్బాయి చాలా మర్యాదగా, "మేడమ్, మీ ఫ్లోర్ లెవెల్‌గా ఉందా?" అని అడిగాడు. ఒళ్ళు మండింది. టీపాయ్ ఎత్తుకెళ్ళి మేడ మీద టైల్స్ వేసిన గదిలో పెట్టాను, వాడి తప్పు నిరూపిద్దామని. అక్కడ కుదురుగా, ధ్యానంలో కూర్చున్నట్టు నిలబడింది. ఒక్క కాలూ కదల్లేదు. అబ్బాయి చెప్పింది నిజమే. కాళ్ళు నాలుగూ సమానమే, తప్పు మా నాపరాళ్ళది. ఈ విషయంలో కంపెనీకి నేను స్టార్ తగ్గించను.

కానీ లెక్కల టీచర్ని కాబట్టి ఊరుకోలేకపోయాను. ఊగే బల్లకి లెక్కల్లో ఒక మందు ఉంది. నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్న చతురస్రపు బల్లని, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మధ్యలో మెట్టులా తెగిపోకుండా నున్నగా సాగితే, ఉన్నచోటే పావు చుట్టు తిప్పేలోపు ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్ళూ నేలకి ఆనతాయి. ఎందుకంటే మొదట ఒక జత కాళ్ళకి ఆధారం దొరికి, రెండో జత గాల్లో ఉంటుంది. పావు చుట్టు తిప్పితే ఒక జత చోటులోకి ఇంకో జత వచ్చేస్తుంది, పరిస్థితి తలకిందులవుతుంది. ప్లస్ నుంచి మైనస్‌కి వెళ్ళేటప్పుడు మధ్యలో సున్నా దాటాలి కదా, ఆ సున్నా దగ్గరే బల్ల కుదురుకుంటుంది. పదో క్లాసు పిల్లలకి చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని సిలబస్‌లో లేదని మానేసిన విషయం ఇది.

ఇంట్లో మనుషులు లేని వేళ చూసి తిప్పడం మొదలుపెట్టాను. కొంచెం తిప్పడం, మూల మీద వేలితో నొక్కడం, మళ్ళీ కొంచెం తిప్పడం. ముప్పై డిగ్రీలు దాటాక ఒకచోట టక్ ఆగింది. నాలుగు మూలలా నొక్కాను, కదల్లేదు. నా సంతోషం అంతా ఇంతా కాదు. లేచి చూస్తే టీపాయ్ సోఫాకి ఏటవాలుగా, పేకముక్క విసిరేసినట్టు పడుంది. సాయంత్రం మా ఆయన వచ్చి చూసి, "ఇదేమిటి, వాస్తు మార్చావా?" అన్నారు. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ మూల ఆయన మోకాలికి తగిలింది. పొద్దున్నకి టీపాయ్ సోఫాకి సమాంతరంగా, శుభలేఖ మళ్ళీ కాలి కిందా ఉన్నాయి.

ఇక్కడితో అయిపోయేదే. ఆదివారం వీడియో కాల్‌లో మా మనవడు అడిగిన ప్రశ్న లేకపోతే. వాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ టీపాయ్ ఎలా ఉందని అడుగుతుంటే మధ్యలో దూరి, "అమ్మమ్మా, టీపాయ్ ఇంగ్లీషు మాటేనా? మా టీచర్‌కి తెలీదట" అన్నాడు. ఇంగ్లీషే కదరా అన్నాను. "మరి టీ అంటే టీ, పాయ్ అంటే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "పాయ్ కాదురా, పోయ్. తాతయ్య సోఫాలో కూర్చుని అమ్మమ్మని టీ పోయ్, టీ పోయ్ అంటాడు కదా, అందుకని దాని పేరు టీపోయ్." వాడు పడీపడీ నవ్వాడు. డాలస్‌లో వాళ్ళ టీచర్‌కి ఇదే చెప్పి ఉంటాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా వాడుతున్న మాట. అటెండరు చేత స్టాఫ్ రూంలో టీపాయ్ తుడిపించాను, పెళ్ళిచూపుల్లో టీపాయ్ మీద పళ్ళెం పెట్టాను. పాయ్ అంటే ఏమిటో ఒక్కనాడూ అడగలేదు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను.

దొరికింది. హాబ్సన్-జాబ్సన్ అని 1886లో అచ్చయిన నిఘంటువు ఉంది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నలిగిన మాటలన్నిటినీ పోగేసిన పుస్తకం. రాసింది ఇద్దరు, హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్. బర్నెల్ మన మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జీగా చేశాడు, పుస్తకం బయటికి రాకముందే 1882లో పోయాడు. అసలు ఆ పుస్తకం పేరే ఒక పొరపాటు వినికిడి. మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుస్సేన్" అనే కేక ఇంగ్లీషు సోల్జర్ల చెవికి హాబ్సన్-జాబ్సన్ అని వినపడిందట.

టీపాయ్ గురించి ఆ పుస్తకం మొదటి మాటే నా చెంప ఛెళ్ళుమనిపించింది. టీపాయ్ అంటే మూడు కాళ్ళ చిన్న బల్ల. టీతో సంబంధం ఉందని ఇంగ్లండులో అనుకుంటారు, అది శుద్ధ తప్పు. తీన్ అంటే హిందీలో మూడు, పాయ్ అంటే పారశీకంలో కాలు. రెండూ కలిపి తిపాయి. అంతే. టీ లేదు, పోయడం లేదు.

దాని కింద ఇంకో ముచ్చట ఉంది, అది చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తిపాయి అనే మాట సగం హిందీ, సగం పారశీకం, అతుకుల బొంత. నికార్సయిన పారశీకంలో అయితే సిహ్‌పాయా అనాలి, సిహ్ అంటే మూడు. మరి అలా ఎందుకు అనలేదు? నాలుగు కాళ్ళ మంచాన్ని చార్‌పాయ్ అంటున్నారు కదా, ఆ వరసలో ఎవరో తెల్లవాడు దీన్ని పుట్టించి ఉంటాడని వాళ్ళ ఊహ. ఇంకో కారణం కూడా ఉండొచ్చంటారు: సిహ్‌పాయా అంటే అప్పటికే ఇంటింటా తెలిసిన ఇంకో మాటతో కలిసిపోతుందని. ఆ మాట మనకీ తెలిసిందే, సిపాయి. సిపాయికి కాళ్ళతో పనిలేదు, అది సిపాహీ నుంచి వచ్చింది. కానీ చెవికి రెండూ ఒకటే. ఆ జాగ్రత్త తీసుకోకపోయి ఉంటే ఈ రోజు నేను పనమ్మాయితో, "హాల్లో ఉన్న సిపాయిని తడిగుడ్డతో తుడు" అని చెప్పాల్సి వచ్చేది.

పొరపాటు ఇంగ్లండులో అక్కడితో ఆగలేదు. తిపాయిలో టీ వినపడింది కాబట్టి టీ కోసమే ఒక సామాను తయారుచేశారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు ఇళ్ళలో టీపాయ్ అంటే ఒంటి స్తంభం మీద నిలబెట్టిన చెక్కపెట్టె. మూత తెరిస్తే లోపల టీ ఆకు డబ్బాలు, రకాలు కలుపుకోవడానికి గాజు గిన్నె. తాళం కూడా ఉండేది, టీ ఆకు ఖరీదైన సరుకు కాబట్టి. ఆ డబ్బాని క్యాడీ అంటారు. అదీ వాళ్ళ మాట కాదు, మలయ భాషలో కాటి అనే తూకం పేరు, సుమారు 600 గ్రాములు. అంటే బల్ల పేరు మనది, డబ్బా పేరు మలయావాళ్ళది, ఆకు చైనాది. తాళంచెవి ఒక్కటే దొరసానిది.

మా ఆయన టీ పోయ్‌కీ ఆ లండన్ దుకాణాలవాళ్ళ టీపాయ్‌కీ తేడా ఏముంది చెప్పండి? ఇద్దరూ చేసింది ఒకటే పని. తెలియని మాటలో తెలిసిన మాట వెతుక్కున్నారు. నేనూ తక్కువ తినలేదు. తేనీరు అంటే తేనెలా తియ్యగా ఉండే నీరు అని పెళ్ళయ్యేదాకా నమ్మాను, తేయాకు నీరు అని తట్టలేదు.

ఆ మాటని ఇంకా విప్పితే మా మనవడికి చెప్పాల్సింది చాలా ఉంది. హిందీ తీన్, మన పద్యాల్లో త్రి, ఇంగ్లీషు త్రీ ఒకే తల్లి పిల్లలు. పారశీకపు పాయ్, సంస్కృతపు పాదం, ఇంగ్లీషు ఫుట్ కూడా అంతే. కాబట్టి వాడు ఇంగ్లీషు మాటేనా అని అడిగితే, ఒక రకంగా ఔననే చెప్పాలి. ట్రైపాడ్ అంటే మూడు పాదాలు, టీపాయ్ అంటే కూడా అదే. పైజామాలో ఉన్న పై కూడా ఈ కాలే, కాళ్ళకి తొడిగే బట్ట. వాడు రాత్రి వేసుకుని పడుకునేది, తాతయ్య టీ గ్లాసు పెట్టేది, రెండూ ఒకే కాలి మీద నిలబడి ఉన్నాయి.

ఇక మనకి దీని పేరు లేదా? ఉంది, మన కళ్ళెదుటే ఉంది. ముక్కాలిపీట. తిపాయికి ఒక్క అక్షరం వదలకుండా అదే అర్థం. ఇంట్లో ముక్కాలిపీట అని మాట పెట్టుకుని, హిందీ పారశీకాలు కలిసిన మాట ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడి టీ అంటించుకుని వస్తే, అది షోకుగా ఉందని తెచ్చుకున్నాం. మా అమ్మ ఇంట్లో ముక్కాలిపీట మీద మరచెంబు ఉండేది. దాన్ని టీపాయ్ అని ఎవరూ అనలేదు. టీపాయ్ అంటే అద్దం ఉండాలి, నాలుగు కాళ్ళు ఉండాలి, కింద వారపత్రిక ఉండాలి.

అప్పుడు తట్టింది. పేరులోనే మూడు కాళ్ళని ఉంది. మా ఇంటికి వచ్చింది నాలుగు కాళ్ళది. ఊగక ఏం చేస్తుంది?

ఏ మూడు బిందువులు తీసుకున్నా, ఒకే గీత మీద లేకపోతే, వాటి గుండా ఒక తలం పోతుంది, ఒక్కటే పోతుంది. ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో. సుద్దముక్కతో బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి, అట్టముక్క ఆనించి చూపించేదాన్ని. నాలుగో చుక్క ఆ తలం మీద పడాలని ఎక్కడా లేదు, పడితే అదృష్టం. మూడు కాళ్ళ బల్లకి ఆ అదృష్టంతో పని లేదు. నేల ఎంత వంకరగా ఉన్నా మూడు కాళ్ళూ ఆనతాయి. మా నాయనమ్మ పొయ్యికి మూడు రాళ్ళు పెట్టింది ఇందుకే. ఇంగ్లీషు పల్లెల్లో ఆవు పాలు పితికే స్టూలుకి మూడు కాళ్ళు ఉండేది ఇందుకే, కొట్టం నేల ఎక్కడ చదునుగా ఉంటుంది? కెమెరా స్టాండు కూడా అంతే. ఈ లెక్క నాకు తెలుసు, తెలిసీ శుభలేఖ మడతలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

మర్నాడే మా వీధి చివర వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. ఇది రెండో సమీక్ష అనుకోండి. బోర్డు లేని షెడ్డు, లోపల రేడియో, మోకాలి లోతు చిత్రిక పొట్టు. ఆచారి గారికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. మూడు కాళ్ళతో గుండ్రటి టీపాయ్ కావాలంటే కళ్ళద్దాలు పైకి తోసి చూశారు. "మూడేమిటి టీచరు గారూ, ముగ్గురు బయల్దేరితే పని కాదంటారు, అచ్చొస్తుందా?" అన్నారు. మూడు ముళ్ళు అచ్చొచ్చాయిగా అన్నాను. నవ్వి, "మా నాన్న చేసేవాడమ్మా ముక్కాలిపీటలు" అని మొదలుపెట్టారు. "నాలుగు కాళ్ళు కొయ్యడం ఎవడైనా కోస్తాడు. నాలుగూ ఒక్కసారి నేలకి ఆనించడమే పని. బల్ల బోర్లించి, నిలబెట్టి, మళ్ళీ బోర్లించి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి చెక్కాలి. ముక్కాలిపీటకి ఆ గోల లేదు."

చెక్క నేనే ఇచ్చాను. పెరటి గది పడగొట్టినప్పుడు మిగిలిన పాత టేకు ద్వారబంధం. దానికి యాభై ఏళ్ళు పైనే ఉంటాయి. చిత్రిక పడుతుంటే పైనున్న నీలం పెయింటు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఇంకేదో రంగు పొరలు పొరలుగా లేచి, చివరికి తేనె రంగు టేకు బయటపడింది. వాసన వచ్చింది. యాభై ఏళ్ళ చెక్కకి అంత వాసన ఉంటుందని నాకు తెలీదు. మేకులు కొట్టలేదు. పలక కింద మూడు చోట్ల తొలిచి, కాళ్ళ కొనలు అందులో దిగేలా చెక్కి, జిగురు వేసి బిగించారు. నాలుగు రోజులన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా "రేపు సాయంత్రం" అన్నారు, ఎవరి రేపో తెలీదు. మజూరీ 1,800 రూపాయలు.

పలక ఇరవై రెండు అంగుళాల గుండ్రం, ఎత్తు పద్దెనిమిది. నాపరాళ్ళ మీద పెట్టాను. నొక్కాను. తిప్పాను. ఇంకోచోట పెట్టాను. తులసికోట దగ్గర గులకరాళ్ళ మీద కూడా పెట్టి చూశాను. టక్ లేదు. మా ఆయన గ్లాసు నిండా టీ పెట్టి, పక్కన కూర్చుని కాసేపు దాన్నే చూశారు, వినపడని చప్పుడు కోసం ఎదురుచూస్తున్నట్టు. వేడి గ్లాసు పెట్టినా టేకు మీద మచ్చ పడలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఊగకపోవడం వేరు, సమంగా ఉండటం వేరు. నేల వాలుగా ఉంటే మూడు కాళ్ళ బల్ల ఆ వాలునే కదలకుండా పట్టుకుని నిలబడుతుంది. మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పలక మీద పెడితే బుడగ గీత దాటి కిటికీ వైపు జరిగింది. పెన్సిల్ పెడితే మెల్లగా అటే దొర్లుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పెన్నులన్నీ కిటికీ కింద దొరుకుతాయి.

రెండోది ఇంకా ముఖ్యం, పిల్లలున్న ఇంట్లో కొనేవాళ్ళు తప్పక చదవాలి. మూడు కాళ్ళది ఊగదు కానీ పడిపోతుంది. బరువు కాళ్ళ మధ్య గీసిన త్రిభుజం లోపల ఉన్నంతసేపే దానికి నిలకడ, గీత దాటితే బోర్లా. మా టీపాయ్ కాళ్ళు నేల మీద పది అంగుళాల వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద ఉన్నాయి. మూడు కాళ్ళయితే మధ్య నుంచి త్రిభుజం అంచుకి ఉన్న దూరం ఐదు అంగుళాలే. అదే వృత్తం మీద నాలుగు కాళ్ళు పెడితే ఏడు అంగుళాలు వస్తుంది. ఆ రెండు అంగుళాల కోసమే లోకమంతా నాలుగు కాళ్ళ వైపు వెళ్ళిందనుకుంటాను, టైల్స్ నేల వచ్చాక ఊగుడు బెంగ కూడా తీరింది కదా. ఈ లెక్క నేను వేసింది ముందు కాదు, మా ఆయన షూ లేసు కట్టుకోవడానికి టీపాయ్ అంచున కూర్చున్నాక. అదృష్టం బాగుండి సోఫా వైపే పడ్డారు. గ్లాసు మాత్రం పోయింది. "మూడు కాళ్ళ మీద పుస్తకాలు చదివితే ఇంతే" అని లేస్తూ అన్న మాట ఇంకా అంటూనే ఉన్నారు.

స్టార్ల సంగతి. ఆన్‌లైన్ టీపాయ్‌కి మూడు. ఒకటి టీ తగిలితే ఉబ్బినందుకు పోయింది, ఇంకొకటి ఆ కాగితం మీద టీ పెట్టకూడదని రాసినందుకు. మన పాత లెక్కల్లో కాలు అంటే నాలుగో వంతు కూడా. పశువుకి నాలుగు కాళ్ళు కాబట్టి ఒక కాలు పావు వంతు, పావు అన్న మాటా పాదం నుంచే వచ్చింది. మా హాల్లో ఎప్పుడూ ఒక కాలు గాల్లో పెట్టుకుని నిలబడిన ఆ టీపాయ్‌కి ముక్కాలు మార్కులు అనేదాన్ని, కానీ స్టార్లు ఐదు పెట్టారు, లెక్క కుదరడం లేదు. టైల్స్, మార్బుల్ వేసిన ఫ్లాట్ ఉన్నవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు, గ్లాసు కింద చిన్న ప్లేటు పెట్టుకుంటే చాలు. ఆచారి గారికి నాలుగున్నర, ఆ సగం ఆయన "రేపు సాయంత్రా"నికి తగ్గింది. నాపరాళ్ళు, షాబాదు బండలు ఉన్న పాత ఇళ్ళవాళ్ళు మీ వీధిలో ఇలాంటి షెడ్డు ఇంకా ఉందేమో చూసుకోండి. చెక్క మీరే ఇవ్వండి, కూర్చునే అలవాటున్న భర్త ఉంటే ముందే చెప్పండి.

నాలుగు కాళ్ళది ఇప్పుడు మేడ మీద టైల్స్ గదిలో టీవీ కింద ఉంది. నిన్న మధ్యాహ్నం దాన్ని పైకి తీసుకెళ్ళడానికి ఎత్తితే కాలి కింది శుభలేఖ నేలకి అతుక్కుని కనపడింది. పసుపు రాసిన మూల అలాగే ఉంది. పాతదేమో, పారేద్దామని తీసి, అలవాటుకొద్దీ మడతలు విప్పి చదివాను. కాకినాడలో మా ఆయన మేనత్త మనవరాలి పెళ్ళి, సకుటుంబ సపరివారంగా రావాలని మా ఇద్దరి పేర్లూ చేత్తో రాసి ఉన్నాయి. ముహూర్తం మొన్న రాత్రి 9 గంటల 12 నిమిషాలకి.